నీలకురింజి: ఎండిన పత్రాల చరిత్ర

చరిత్రకు ఆధారాలు ఏవి అని ఎవరైనా ప్రశ్నిస్తే మనం శాసనాలను, నాణేలను, తాళపత్రాలను, విదేశీయుల యాత్రాకథనాలను పేర్కొంటాము. ఎండిన మొక్కను ఆ వరుసలో చేర్చే అలవాటు మనకు లేదు. కాని ఒక దళసరి కాగితం మీద అంటించిన పూలకొమ్మ, ఆ కాగితం మూలను నాలుగైదు పంక్తుల చీటీ - ఈ రెండూ కలిస్తే శాసనానికి ఉండవలసిన లక్షణాలు చాలవరకు వచ్చినట్లే. స్థలమున్నది, కాలమున్నది, సేకరించిన వాని పేరున్నది. పైగా ఒక విశేషం కూడ ఉన్నది. తామ్రశాసనం చెప్పే భూదానం నిజంగా జరిగినదో లేదో మనం నేడు కన్నులతో చూడలేము. ఈ చీటీ చెప్పే వస్తువు మాత్రం చీటీ ప్రక్కనే ఉన్నది. సందేహమున్నవాడు భూతద్దం తీసికొని చూచుకొనవచ్చును.

ఇట్టి పత్రాలను భద్రపరచే శాలను హెర్బేరియం అంటారు. హిందీవారు దీనికి పాదపాలయం అని అందమైన మాటను కల్పించుకొన్నారు. తెలుగులో అంతటి ముచ్చటైన మాట వాడుకలోనికి రాలేదు గనుక హెర్బేరియం అనే వ్రాస్తున్నాను. ఈ పద్ధతిని పదునారవ శతాబ్దిలో ఇటలీ దేశపు పండితుడు లూకా ఘీని ప్రచారంలోనికి తెచ్చినాడని చెబుతారు. మొదట మొక్కలను పుస్తకాలలో అంటించి కుట్టివేసేవారు. కుట్టిన పుస్తకంలో క్రొత్త మొక్కను దాని బంధువుల ప్రక్కన చేర్చడానికి వీలుండదు. 1751లో లిన్నేయసు తన గ్రంథంలో ఒక్కొక్క మొక్కను ఒక్కొక్క విడి కాగితం మీద అంటించి బీరువాలో దొంతరలుగా పెట్టవలెనని చెప్పినాడు. చిన్న మార్పే గాని దానివల్ల ఎక్కడెక్కడి కాగితాలనైనా ప్రక్కప్రక్కన పరచి పోల్చడం సాధ్యమైనది. ఈ వ్యాసంలోని విషయమంతా ఆ సౌకర్యం మీద ఆధారపడినదే.

నేను ఎన్నుకొన్నది ఒకే ఒక మొక్క చరిత్ర. దక్షిణ భారతదేశంలో నీలగిరి, పళని, ఆనమలై కొండల మీద, మున్నారు చుట్టుప్రక్కల, సుమారు 1,300 మీటర్లు మొదలు 2,600 మీటర్ల ఎత్తువరకు గడ్డి మైదానాలలో పెరిగే నీలకురింజి. మోకాలెత్తో నడుమెత్తో ఉండే పొద. ఏండ్ల తరబడి దానిని ఎవరూ చూడరు. చూచినా గడ్డిలో గడ్డిగా భావించి దాటిపోతారు. పన్నెండవ యేట, జూలై మొదలు అక్టోబరు వరకు, కొండకు కొండ నీలమైపోతుంది. పూచిన పొదలు విత్తనం రాల్చి చచ్చిపోతవి. తిరిగి వానలకు మొలకలు వచ్చి, మరల పన్నెండేండ్లు నిరీక్షించవలెను. గెలవేసి మాడిపోయే అరటిని, పూచి చచ్చే వెదురును ఎరిగిన మనకు ఈ స్వభావం వింతగాని అర్థం కానిది కాదు. బంధుత్వం చూచినా ఇది మనకు పరాయిది కాదు. జడలో తురుముకొనే కనకాంబరం, దగ్గుకు కషాయం కాచే అడ్డసరం, జ్వరానికి నూరే నేలవేము - ఇవన్నీ కురింజి కుటుంబానివే.

తమిళులకు కురింజి పువ్వు రెండువేల ఏండ్ల నాటి పరిచయం. సంగ సాహిత్యంలో ప్రకృతిని అయిదు భూభాగాలుగా విభజించినారు. కొండప్రాంతానికి, నాయికానాయకుల సమాగమానికి కురింజి పేరే పెట్టినారు. కపిలుని కురింజిప్పాట్టులో తొంబదితొమ్మిది పూల పేర్లున్నవని ప్రసిద్ధి. కాని ఇక్కడ చరిత్రకారునికి ఒక చిక్కు వస్తుంది. కవి చెప్పిన కురింజి ఏ కురింజి? ఈ ప్రజాతిలో మూడువందలకు పైగా జాతులున్నవి. పడమటి కనుమలలోనే పెక్కు రకాలున్నవి. కొన్ని యేటేట పూస్తవి, కొన్ని ఏడెనిమిదేండ్లకు, కొన్ని పన్నెండేండ్లకు. మహారాష్ట్రంలో కార్వీ అనేది ఎనిమిదేండ్లకొకసారి పూస్తుంది. దాని పుల్లలతో తడికలల్లి మన్ను మెత్తి గుడిసెలకు గోడలు కట్టుకొంటారు. కవి వీనిని వేరుచేసి చెప్పనక్కరలేదు. ఆతనికి కావలసినది కొండ, తేనె, ప్రియురాలు. వేరుచేసి చెప్పవలసిన అగత్యం కొమ్మను కాగితానికి అంటించిన నాడు పుట్టినది.

ఆ అగత్యం తీర్చినవాడు భారతదేశాన్ని ఎన్నడూ చూడని ఒక జర్మను పండితుడు. 1828లో కలకత్తా వనస్పత్యుద్యానాధ్యక్షుడు నాథానియేల్ వాలిచ్, కంపెనీవారి ఎండు మొక్కల భాండారాన్ని లండనుకు తరలించి, వానికి సంఖ్యలు వేసి, ఐరోపాలోని పండితులకు పంచిపెట్టినాడు. ఆ పంపకంలో కురింజి కుటుంబం నీస్ ఫాన్ ఎసెన్‌బెక్ వంతు వచ్చినది. అతడు 1832లో వాలిచ్ గ్రంథం మూడవ సంపుటంలో దీనిని క్రొత్త జాతిగా వర్ణించి, ఫ్లెబోఫిల్లం కున్తియానం అని నామకరణం చేసినాడు. ఫ్లెబోఫిల్లం అనగా ఈనెల ఆకుగలది. పిదప వచ్చినవారు దీనిని స్ట్రోబిలాంథెస్ అనే ప్రజాతిలోనికి మార్చినారు. నీసు జీవితం చివరకు సుఖంగా గడవలేదు. 1848 నాటి ప్రజా ఉద్యమాలలో పాల్గొన్నందుకు 1851లో ప్రభుత్వం అతనిని ఆచార్య పదవి నుంచి తొలగించినది. మన కొండలపూవుకు పేరు పెట్టినవాడు తన ముసలితనంలో పేదరికం అనుభవించినాడు.

పేరును గురించి ఒక మాట చెప్పక తప్పదు. సైలెంటు వ్యాలీలో పారే కుంతిపుళ అనే నది వల్ల ఈ మొక్కకు కున్తియానా అనే పేరు వచ్చినదని చాలామంది వ్రాస్తున్నారు. చెవికి ఇంపుగా ఉన్నది. పాండవుల తల్లి కూడ స్మరణకు వస్తుంది. కాని లాటినులో ఈ ప్రత్యయం వ్యక్తుల పేర్లకు చేర్చేది, నదులకు చేర్చేది కాదు. నీసు సమకాలికుడు, బెర్లినులో పనిచేసిన ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త కార్ల్ సిగిస్మండ్ కుంత్ (1788-1850). అతని పేరే ఇది. నదికీ పండితునికీ ధ్వనిసామ్యం కుదరడం కాకతాళీయం. ఇట్టి జనవ్యుత్పత్తులు మన గ్రామనామాలకు కావలసినన్ని ఉన్నవి గనుక తెలుగువారు దీనికి ఆశ్చర్యపడనక్కరలేదు.

నీలగిరి అనే పేరుకు కూడ కురింజియే కారణమని ఒక వాదమున్నది. క్రీ. శ. 1117 నాటి హొయసల శాసనంలో విష్ణువర్ధనుని సేనాని తోడవులను భయపెట్టి నీలాద్రిని వశపరచుకొన్నట్లున్నది. అనగా పేరు పాతదే. అది పువ్వు నీలమో, దూరపు కొండల మీద కమ్మిన మంచు నీలమో శాసనం చెప్పదు. ఎండిన పత్రం కూడ చెప్పలేదు, ఎందుకంటే పత్రానికి ఉన్న పెద్ద లోపం రంగు నిలువకపోవడమే.

ఈ లోపాన్ని కొంచెం వివరించవలసియున్నది. మొక్కను కోసి, కాగితాల మధ్య పరచి, బరువు పెట్టి, తడి కాగితాన్ని తీసి పొడి కాగితం మార్చుతూ ఎండబెట్టవలెను. కురింజి పూసేది వానకాలం. ఎక్కే కొండ మంచుకొండ. కాగితం ఆరదు. నిప్పుసెగన కాచి మార్చకుంటే బూజు పడుతుంది. పూరేకులు పలుచన, పట్టుకొంటే రాలిపోయే తీరు. కాగితం మీదికి చేరేనాటికి నీలం గోధుమ వన్నెలోనికి దిగుతుంది. ఇంతా చేసిన తరువాత కీటకాల భయం. మన తాళపత్రాలకు రామబాణపు పురుగెట్టిదో ఈ పత్రాలకు వేరొక చిన్న పెంకుపురుగు అట్టిది. దానికి విరుగుడుగా పూర్వం పాదరసపు విషలవణాన్ని పూసేవారు. నేటికీ పాత పత్రాలను ముట్టుకొన్నవారు చేతులు కడుగుకొంటారు.

పత్రం పోగొట్టే రంగును నిలిపినవారు చిత్రకారులు. ఇక్కడ మనవారి ప్రసక్తి వస్తుంది. మద్రాసు సర్కారు వైద్యశాఖలో పనిచేసిన స్కాట్లండు దేశీయుడు రాబర్ట్ వైట్ (1796-1872) దక్షిణ భారత వృక్షాలను సేకరించినవారిలో అగ్రగణ్యుడు. ఆయన ప్రచురించిన వేలాది చిత్రాలు వేసినవారు ఇద్దరు దేశీయ చిత్రకారులు. ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి విడిపించి చూస్తే వారి పేర్లు రంగయ్య, గోవిందు. పేర్లను చూడగానే తెలుగు పాఠకునికి పరిచితులైన మనుష్యులనిపిస్తారు. 1853లో వైటు ఒక నేల ఆర్కిడు ప్రజాతికి గోవిందూయా అని పేరు పెట్టినాడు. తరువాతివారు ఆ ప్రజాతిని వేరొక దానిలో కలిపివేసినందువల్ల ఆ పేరు పర్యాయపదాల పట్టికలోనికి పోయినది. కుంతు పేరు నిలిచినది, గోవిందు పేరు నిలువలేదు. దీనిలో ఎవరి దురుద్దేశమూ లేదు. నామకరణ నియమాలు అట్టివి. అయినను వ్రాయక ఊరుకోలేకపోయినాను.

వైటు 1819లో ఇండియాకు వచ్చినాడు. 1831లో సెలవు మీద స్వదేశానికి పోయినప్పుడు వెంట తీసికొనిపోయిన ఎండు మొక్కలు సుమారు లక్ష. వాని బరువు రెండు టన్నులని ప్రతీతి. 1834లో మరల వచ్చి, 1853లో పదవి విరమించి వెళ్లినాడు. ఆయన మద్రాసు ప్రాంతంలో మొక్కల ఆకులను పోగుచేస్తున్న కాలంలోనే సి. పి. బ్రౌను తాటియాకులను పోగుచేస్తున్నాడు. ఇద్దరూ కంపెనీ ఉద్యోగులే. బ్రౌను నిఘంటువు 1852లో వెలువడినది, వైటు చిత్రగ్రంథపు చివరి సంపుటం 1853లో వెలువడినది. ఇరువురి భాండారాలకూ ఒకే జబ్బు, ఒకే పోలిక. మన కావ్యాలలో ప్రతి ఆశ్వాసాంతమందును కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకొనే గద్య ఉంటుంది. ఆ చివరి ఆకు పోయినదా, కావ్యం అనాథ. పత్రం మీది చీటీ కూడ అట్టిదే. చీటీ లేని కొమ్మ ఎంత చక్కగా ఎండినా చరిత్రకు పనికిరాదు. అది ఒక ఎండుకొమ్మ, అంతే.

దురదృష్టవశాత్తు వైటు పత్రాలలో అనేకం ఈ దుస్థితికి సమీపంలో ఉన్నవి. 1866-67లో లండను సమీపాన ఉన్న క్యూ ఉద్యానంవారు ఆయన అధిక ప్రతులను లోకంలోని హెర్బేరియాలకు పంచినారు. పంచేటప్పుడు ఒక అచ్చు చీటీ అంటించినారు. దాని మీద స్థలం స్థానంలో తూర్పు ఇండియా ద్వీపకల్పం అనే అర్థమిచ్చే లాటిను మాట ఉన్నది. కన్యాకుమారి మొదలు గోదావరి వరకు ఏ గుట్ట అయినా కావచ్చును! సంఖ్య ఉన్నది గాని అది సేకరించిన వరుస సంఖ్య కాదు, జాతికి వేసిన సంఖ్య. ఒకే సంఖ్య క్రింద వేరు వేరు కొండలలో, వేరు వేరు సంవత్సరాలలో కోసిన కొమ్మలు చేరినవి. ఆ సంఖ్యను చూచి ఇవన్నీ ఒకేచోట ఒకేనాడు కోసినవని భ్రమపడినవారు చాలామంది.

అయితే కురింజి విషయంలో ఒక విచిత్రమైన సహాయమున్నది. చీటీ చెప్పని తేదీని పువ్వే చెబుతుంది. పెద్ద పూతలను గురించిన లెక్క 1838 నుంచి చెబుతున్నారు. 1838, 1850, 1862, 1874, 1886, 1898, 1910, 1922, 1934, 1946, 1958, 1970, 1982, 1994, 2006, 2018. నూట ఎనుబది ఏండ్లలో పదునారు పూతలు. ఇప్పుడు తేదీ లేని పత్రం ఒకటి చేతికి వచ్చినదనుకొందాము. దాని మీద పూలున్నవి, వైటు పేరున్నది. ఆయన రెండవ నివాసకాలం 1834 నుంచి 1853 వరకు గనుక, ఆ కాలపు పత్రమైతే అది 1838దో 1850దో కావలెను. మొదటి నివాసకాలపు పత్రమైతే వెనుకకు లెక్కించి 1826 అని ఊహింపవచ్చును. 1826లోనే వైటు మద్రాసు ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై దక్షిణ జిల్లాలలో పర్యటన ప్రారంభించినాడు. 1832లో నీసు క్రొత్త జాతిని వర్ణించడానికి పూచిన కొమ్మ ఎవరో ఒకరు కోసి ఉండవలెను. ఈ రెంటినీ ముడివేయాలని మనస్సు లాగుతుంది. ముడివేయను. సరియైన సంవత్సరం కానప్పుడు కూడ అక్కడక్కడ కొన్ని పొదలు పూస్తవి. లెక్కతప్పిన ఒక్క పొద చాలును, తర్కమంతా తలక్రిందు కావడానికి. శాసనాల తిథివార నక్షత్రాలు గణించి సంవత్సరం నిర్ణయించేవారు ఎదుర్కొనే ప్రమాదమే ఇది. ఆ పద్ధతి ఉపయోగకరమే, కాని దానికి మరొక సాక్ష్యం తోడు కావలెను.

పన్నెండేండ్ల చక్రం ఒక మనిషి జీవితంతో తెలిసేది కాదు. ఒక ఉద్యోగి కొండ మీద ఎంతకాలముంటాడు? ఒక పూత చూస్తాడు, అదృష్టవంతుడైతే రెండు. రెండు పూతలు చూచినవాడు ఈ మధ్య పన్నెండేండ్లు గడచినవని మాత్రమే చెప్పగలడు. ప్రతిసారీ పన్నెండే అని చెప్పలేడు. 1934 నాటి పూతను గురించి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి పత్రికలో 1935లో ఒక వ్యాసం వచ్చినది. అట్టి వ్యాసాలను, పాత పత్రాల తేదీలను, దొరల జ్ఞాపకాలను ప్రక్కప్రక్కన పెట్టినప్పుడే చక్రం స్పష్టపడినది. కొండజాతులవారు మాత్రం ఈ లెక్క ముందే ఎరుగుదురు. పళియరులు తమ వయస్సును కురింజి పూతలతో లెక్కించుకొనేవారని చెబుతారు. పుట్టినప్పటినుంచి నాలుగు పూతలు చూచినవాడు కనీసం ముప్పదియారేండ్లవాడన్నమాట. శాస్త్రజ్ఞుడు పత్రాల సాయంతో తరతరాల మీద కట్టిన జ్ఞానం వారికి తాతల నోట వచ్చినది.

ఇక్కడ చీటీల మీద లేని పేర్ల మాట ఎత్తవలసి వస్తున్నది. సేకర్త పేరు అని ఉన్నచోట దొర పేరు ఉంటుంది. దారి చూపినవాడు, కత్తితో కొమ్మ కోసినవాడు, మూట మోసినవాడు, రాత్రి నిప్పుసెగకు కాగితాలు మార్చినవాడు - వారెవరో చీటీ చెప్పదు. పళని కొండలలో పందొమ్మిదవ శతాబ్ది చివరి ఏండ్లలో మొక్కలు పోగుచేసిన ఆల్‌ఫ్రెడ్ బోర్న్ దంపతుల శ్రమ మీద, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు ఫైసను తన కొండశిఖరాల వృక్షగ్రంథాన్ని 1915లో ప్రారంభించి నిర్మించినాడు. ఆ గ్రంథంలోని బొమ్మలు వేసినవారిలో బోర్న్ గారి భార్య, ఫైసను గారి భార్య ఉన్నారు. స్త్రీల పేర్లు ఆ మాత్రమైనా మిగిలినవి. కూలీల పేర్లు మిగులలేదు. చరిత్రకారుడు ఈ మౌనాన్ని ఒక మౌనంగానే నమోదు చేయవలెను. ఊహించి పేర్లు కల్పించరాదు.

పత్రాల చీటీలలో మరొక చరిత్ర తెలియకుండా నడుస్తున్నది. కొండ కదలలేదు, మొక్క కదలలేదు. ఊరు పేరు మాత్రం మారుతూ వచ్చినది. 1946 పూతలో కోసిన కొమ్మ మీద మద్రాసు ప్రావిన్సు అనో, తిరువాన్కూరు సంస్థానం అనో వ్రాయవలసియున్నది. 1958 వచ్చేసరికి దేశం స్వతంత్రమైనది, 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినవి. అదే కొండ ఇటు మద్రాసు రాష్ట్రం, అటు కేరళ. 1970 పూతకు ముందే 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడైనది. మూడు పూతలు, మూడు పరిపాలనలు. మన వైపు చూచుకొన్నా ఇట్లే. నల్లమలలో వేరు వేరు తరాలవారు కోసిన కొమ్మల చీటీలను వరుసగా పేరిస్తే మద్రాసు, హైదరాబాదు సంస్థానం, 1953 తరువాత ఆంధ్ర, 1956 తరువాత ఆంధ్రప్రదేశ్, 2014 తరువాత ఒక భాగం తెలంగాణము అని చదువుకొనవలసి వస్తుంది. పేర్ల మార్పు తెలియని విదేశీయ పరిశోధకుడు ఒకే కొండను మూడు కొండలుగా లెక్కించే ప్రమాదమున్నది.

ఇంతకంటె బరువైన మార్పు కొండ మీదనే జరిగినది. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఉదకమండలంలో రాతియింటిని కట్టినది 1822 ప్రాంతం. 1838 పూత నాటికి ఆ ఊరు పదునారేండ్ల పసిది. చుట్టూ గడ్డి కొండలు, లోయలలో షోలా అడవులు, తోడవుల గేదెలు. 1843లో ఆస్ట్రేలియా నీలగిరి తైలపు చెట్టు అక్కడికి వచ్చినది. మనం ఆ తైలానికి నీలగిరి పేరు పెట్టుకొన్నాము గాని చెట్టు ఆ కొండది కాదు. 1848లో ప్రభుత్వోద్యానం వెలసినది. 1862 పూత వచ్చేసరికి క్వయినా కోసం సింకోనా తోటలు నాటుతున్నారు. ఆ పైన కాఫీ, తేయాకు, తుమ్మజాతి వాటిల్ చెట్లు. ఇరువదవ శతాబ్దిలో గడ్డినేలను పనికిరాని బీడుగా భావించి వేలాది ఎకరాలలో చెట్లు నాటినారు. నాటినవారు అడవి పెంచుతున్నామనే అనుకొన్నారు. కురింజికి కావలసినది ఆ బీడే.

దీనిని ఎట్లు ఋజువు చేస్తాము? పూర్వం ఇక్కడ కురింజి ఉండేదని ముసలివారు చెబితే న్యాయస్థానం వినవచ్చు, వినకపోవచ్చు. తేయాకుతోట మధ్యనున్న ఒక గుట్ట పేరు వ్రాసియున్న పత్రం సాక్ష్యమిస్తే కాదనడం కష్టం. ఈ పూవు నిలిచియున్న భూమిని రక్షించాలని 1989లో కొడైకెనాలు నుంచి మున్నారుకు పాదయాత్ర చేసినవారున్నారు. 2006 పూతనాడు తపాలాశాఖ కురింజి బిళ్లను విడుదల చేసినది. ఆ సంవత్సరమే ఇడుక్కి జిల్లాలో వట్టవడ, కొట్టకంబూరు గ్రామాల పరిధిలో 32 చదరపు కిలోమీటర్ల కురింజిమల అభయారణ్యాన్ని కేరళ ప్రభుత్వం ప్రకటించినది. ప్రకటించిన హద్దుల మీద, పట్టాల మీద వివాదాలు అనంతరం ఏండ్ల తరబడి సాగినవి. 2024లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘంవారి ఎఱ్ఱ జాబితాలో నీలకురింజి ఆపదకు లోనుకాగల జాతిగా చేరినది. అట్టి నిర్ణయం చేసేటప్పుడు పూర్వం ఎంత విస్తీర్ణంలో ఉండేది అనే ప్రశ్న రాక తప్పదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పే సాక్షులలో ఎండు పత్రాలు ముఖ్యమైనవి.

ఈ సాక్షులు పక్షపాతులు కూడ. వృక్షశాస్త్రజ్ఞుడు పువ్వు లేని కొమ్మను సాధారణంగా కోయడు. పువ్వు లేకుంటే జాతి నిర్ణయం కష్టం. అందువల్ల కురింజి పత్రాలు పూతయేడులలో గుంపుగా, నడుమ ఏండ్లలో అరుదుగా కనిపిస్తవి. నడుమ పత్రాలు లేవు గనుక మొక్క లేదనుకొంటే పొరపాటు. సేకర్త గుర్రం పోగలిగిన చోటనే, విడిది బంగళాకు దగ్గరనే కోసినాడు. అందుచేత పాత పత్రాలన్నీ పటం మీద గుర్తిస్తే కురింజి పెరిగిన ప్రదేశాల పటం కంటె దొరలు నడచిన బాటల పటమే ఎక్కువగా వస్తుంది. ఈ సంగతి మరచి అంకెలు కూర్చేవారున్నారు. శాసనాలు దొరకని ఊరిలో రాజ్యమే లేదనుకొనడం వంటిదే అది.

పత్రాలు ఎక్కడున్నవి అనేది కూడ చిన్న ప్రశ్న కాదు. దక్షిణదేశపు పాత పత్రాలు లండనులో, ఎడింబరోలో పెక్కు ఉన్నవి. మనదేశంలో కలకత్తాకు ఎదుట హౌరాలోని కేంద్రీయ హెర్బేరియం పెద్దది. ఆ ఉద్యానాన్ని 1787లో స్థాపించినారు. 1793లో దాని భారం స్వీకరించిన రాక్స్‌బరో అంతకుముందు మన సామర్లకోటలో ఉండి గోదావరి మండలపు మొక్కలను వ్రాయించినవాడే. దక్షిణాదికి మద్రాసు హెర్బేరియం. 1909లో దానిని కోయంబత్తూరుకు తరలించినారు. 1955లో భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ దక్షిణ శాఖ అక్కడ ప్రారంభమైనది. కనుక నీలగిరి పాదంలోనే ఒక పెద్ద భాండారం ఉన్నది. ఇటీవల పత్రాలకు ఛాయాచిత్రాలు తీసి అందరికీ చూపుతున్నారు. 2022లో ఇండియన్ వర్చువల్ హెర్బేరియం ప్రారంభమైనది. ఓడ ఎక్కకుండ పత్రాన్ని చూడగలగడం మన తరం వారికి దక్కిన గొప్ప సౌకర్యం. చిత్రంలో చీటీ చదువవచ్చును, ఆకు ఆకారం చూడవచ్చును. ఆకు ముక్కను త్రుంచి వంశలక్షణాలను పరీక్షించాలంటే మాత్రం అసలు పత్రమే కావలెను.

వచ్చే పూత 2030లో. ఇప్పుడు కొమ్మ కోయడం పూర్వమంత సులభం కాదు, కారాదు కూడ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు రక్షింపదగిన మొక్కల పట్టికలో నీలకురింజిని చేర్చినారు. పరిశోధకుడు అనుమతి పొందవలెను. కోసిన కొమ్మకు లెక్క చెప్పవలెను. వేలాది యాత్రికులు చేతి ఫోనులలో చిత్రాలు తీస్తారు. ఆ చిత్రాలలో తేదీ, స్థలం వానంతట అవే నమోదవుతవి గనుక, పాత చీటీల కంటె అవి ఒక విధంగా నిక్కచ్చివి. ఆ లెక్కలను పత్రాలతో కలిపి చదువవలసినవారు ఒక సంగతి గమనించవలసియుంటుంది. 2018 పూత ఆగస్టు నెలలో ఊపందుకొనవలసినది. ఆ నెలలోనే కేరళను మహావరద ముంచినది. కొండచరియలు విరిగిపడి మున్నారు దారులు తెగినవి. విడువని వానలకు పూత కూడ ఆలస్యమైనది. కనుక ఆ యేటి నమోదులలో ఆగస్టు తేదీలు కొరవడి సెప్టెంబరు, అక్టోబరు తేదీలు గుంపుకట్టినట్లయితే, అందులో ఎంత భాగం పొదల ఆలస్యమో, ఎంత భాగం తెగిన దారుల ఆలస్యమో వేరుచేసి చూడవలసియున్నది.